కృష్ణలో కలిపిన ఎక్స్‌రేలు

రేపల్లె,
13 ఫిబ్రవరి 2024

బంగారు తల్లి నీరజకి, మీ నాన్న రెండు చేతులూ నీ తల మీద పెట్టి రాస్తున్న ఉత్తరం.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. "కర్ర లేకుండా స్కూలు గేటు నుంచి గ్రౌండు చివరిదాకా నడిచాను నాన్నా" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. మళ్లీ అదే ఉంది. అక్షరాలు మారలేదు.

ఫోన్లో చెప్పేస్తే పోయేదిగా అని శశిధర్ గారు అన్నారని రాశావు. అల్లుడుగారికి చెప్పు, జీవితమంతా పిండిమర పక్కన నిలబడ్డ చెవులమ్మా ఇవి. ఫోన్లో నువ్వు ఏ శుభవార్త చెప్పినా నాకు మోటారు తిరిగినట్టే ఉంటుంది. ఉత్తరమైతే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినపడుతుంది.

సాయంత్రం నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని పైకి చదివాను. మన ఎదురింటి టైలరు బుడే సాహెబ్ మిషను ఆపేసి వచ్చాడు. "రంగనాయకులు గారూ, ఆ కర్ర ముక్క ఇంకోసారి చదవండి" అని అడిగి మరీ చదివించుకున్నాడు. దుర్గాంబ పిన్ని కళ్లొత్తుకుంది. మీ అమ్మ చక్కెర పొంగలి చేసి వీధంతా పంచింది. పంచుతూనే "ఇంక మైకు కట్టించుకుని రిక్షాలో తిరగండి" అని నన్ను దెప్పింది. దెప్పనీ. నాకు ఆ పూట అన్నం కూడా తీపిగానే ఉంది.

వినాయకచవితి రోజుల్లో ఎట్లా ఉన్నాం తల్లీ మనం. నీ మోకాలి కింద ఎముకలో గడ్డ ఉందని తెలిసింది. కేన్సరు కాదు, కానీ ఎముకని తినేసే రకం అన్నారు. ఆ తెనాలి డాక్టరుగారు చల్లగా ఉండాలి. ఎముక లోపలంతా గోకి, మందుతో కడిగి, ఆ ఖాళీలో సిమెంటు నింపాడు. ఏ కంపెనీ సిమెంటండీ అని అడిగితే నవ్వాడు చూడు, ఆ నవ్వుతోనే నాకు ధైర్యం వచ్చింది. ఆపరేషనయ్యాక నువ్వు మన ఇంట్లో ఉన్న నాలుగు నెలలూ రోజూ నీ కాలు చూస్తూనే నిద్రపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉదయం బస్సెక్కి పెనుమూడి రేవుకి వెళ్లాను. నువ్వు ఇక్కడ వదిలి వెళ్లిన సంచి ఉంది కదా, ఎక్స్‌రే ఫిల్ములు, ఆ గుండ్రటి సీడీ, మిగిలిన మందులు, పట్టీలు, నీ పాత చేతికర్ర. అన్నీ కృష్ణలో వదిలేశాను. మా నాయనమ్మ నాటి నుంచీ మన ఇంట్లో ఇదే పద్ధతి. జబ్బు పడి లేచిన మనిషి చాపా మందుసీసా పారే నీళ్లకి ఇచ్చేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి రావాలి. అప్పుడు ఆ జబ్బు దారి మరిచిపోతుంది. ఫిల్ములు కాసేపు నీళ్ల మీద తేలాయట. నేను చూడలేదు, పడవవాడు చెప్పాడు. నేను వెనక్కి చూడకుండానే వచ్చాను.

ఇంక దానికి మన ఇల్లు తెలియదు. మూణ్ణెల్లకోసారి వచ్చి చూపించుకోమన్నారని నువ్వు అన్నది నాకు గుర్తుంది. వాళ్లు అట్లాగే అంటారమ్మా. బాగున్న మనిషి వెళ్లి "మళ్లీ వచ్చిందా" అని అడిగితే పోయినదాన్ని పేరుపెట్టి పిలిచినట్టే. ఆ గడప ఇక తొక్కకు.

పిల్లల చేత ఖోఖో ఆడించు. నువ్వు మాత్రం ఇప్పుడే పరిగెత్తకు.

ఆనందం పట్టలేని
మీ నాన్న

బాపట్ల,
24 ఫిబ్రవరి 2024

నాన్నా,

నీ ఉత్తరం చదివి నేనూ ఆయనా చాలాసేపు నవ్వుకున్నాం. అమ్మ చేసిన పొంగలి నాకు పంపకుండా వీధికి పంచేశారు, అది మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

బుడే సాహెబ్ బాబాయికి నమస్కారాలు చెప్పు. నువ్వు ఇది కూడా పైకి చదువుతావని తెలుసు కనుక, బాబాయ్, నా నీలం జాకెట్టు చేతులు బిగుతైపోయాయి, మనుషులకి సరిపోయేట్టు కుట్టాలి మరి.

స్కూల్లో అందరూ బాగా చూసుకుంటున్నారు. హెడ్‌మాస్టరుగారు కుర్చీ తెప్పించి గ్రౌండులో వేయించారు. ఆటల టీచరు కుర్చీలో కూర్చుని ఈల ఊదితే పిల్లలకి నవ్వొస్తోంది. తనూజ అని ఒక ఏడో తరగతి పిల్ల "మేడం, మీ కాల్లో సిమెంటుందంట కదా, వర్షంలో తడిస్తే ఇంకా గట్టిపడుతుందా" అని అడిగింది. నీ మనవరాలై ఉండాల్సింది.

మెట్లు ఎక్కుతున్నాను. రాత్రి కొంచెం అలసటగా ఉంటుంది, అంతే.

నాన్నా, ఆ సంచిలో ఉన్నవన్నీ కలిపేశావా? బీరువా మీద గానీ, నా పరుపు కింద గానీ ఒక్క ఫిల్మైనా మిగిలిందేమో అమ్మని చూడమను. తొందరేం లేదు. ఊరికే, నా దగ్గర ఒకటి ఉంటే బాగుంటుందని.

ఎండలు మొదలవుతున్నాయి. మధ్యాహ్నం బజారుకి వెళ్లకు.

నీ నీరజ

రేపల్లె,
4 మార్చి 2024

నా తల్లికి,

నీ ఉత్తరం అరుగు మీద పెద్ద సభ పెట్టించింది. జాకెట్టు ముక్క చదవగానే బుడే సాహెబ్ మొహం మాడిపోయింది. "కొలతలిచ్చింది ఎవరు? ఆ పిల్లే. కండ పట్టింది ఎవరికి? ఆ పిల్లకే. తప్పు నాదా?" అని దుర్గాంబ పిన్నితో తగువేసుకున్నాడు. కొత్తది కుట్టి పంపుతానన్నాడులే.

నీకు కండ పట్టిందంటే నాకు ఇంతకంటే ఏం కావాలి.

ఫిల్ములు ఒక్కటి కూడా లేవమ్మా. నీ పరుపు దులిపాం, బీరువా మీద అట్టపెట్టెలు దించాం. నేను ఏ పనైనా సగం చెయ్యను, నీకు తెలుసుగా. వాటితో నీకేం పని? జ్ఞాపకానికి అంటే ఫోటో దిగి పంపుతాను, నేనూ మీ అమ్మా పక్కపక్కన నిలబడి.

మీ అమ్మ మాత్రం నీ ఉత్తరం చేతిలో పట్టుకుని "ఊరికే అడిగింది కాదు, ఏదో ఉంది" అంటోంది. నీకన్నీ అనుమానాలే అన్నాను. "మీకన్నీ పండగలే" అంది. చూశావా, మనిషి సంతోషంగా ఉన్నా ఒప్పుకోదు.

ఇప్పుడు మన వీధిలో మోకాలు నొప్పంటే నా దగ్గరికే వస్తున్నారు. మా అమ్మాయి సంగతి చెప్పి పంపుతున్నాను. నరసింహం అయితే "మీరు చెబుతుంటేనే సగం తగ్గిందండి" అన్నాడు. వాడికి ఎప్పుడూ ఏ నొప్పీ లేదు, టీ కోసం వస్తాడు, అయినా ఆ మాట బాగుంది.

ఉగాదికి ఇద్దరూ రండి. స్టేషన్నుంచి నువ్వు ఆటో ఎక్కకూడదు. నా పక్కన నడిచి రావాలి. అందరూ చూడాలి.

మీ నాన్న

బాపట్ల,
28 మార్చి 2024

నాన్నా,

ఈ ఉత్తరం అరుగు మీద చదవకు. లోపలికి వెళ్లి నువ్వొక్కడివే చదువుకో. తరువాత అమ్మకి ఇవ్వు.

ఫిబ్రవరిలో అలసట అని రాసింది అలసట కాదు. మెట్లు దిగేటప్పుడు మోకాలి కింద సలుపుగా ఉండేది. ఎక్కువ నడిచినందుకేమో అనుకున్నాను. తగ్గలేదు. నువ్వు వద్దన్న గడపే తొక్కాను. పోయినవారం ఆయనా నేనూ తెనాలి వెళ్లొచ్చాం.

ఎక్స్‌రే తీశారు. నింపిన సిమెంటు తెల్లగా, కోడిగుడ్డులా కనిపిస్తుంది. దాని చుట్టూ ఎముక. సిమెంటుకీ ఎముకకీ మధ్య ఒకచోట సన్నటి నల్లగీత ఉంది. డాక్టరుగారు దాన్ని చాలాసేపు చూసి, "పాత ఫిల్ములు తెచ్చారా?" అని అడిగారు.

ఆ గీత రెండు రకాలుగా రావచ్చట. సిమెంటు చుట్టూ ఎముక సర్దుకునేటప్పుడు సన్నగా వచ్చి అక్కడే ఆగిపోయేది ఒకటి. దానితో ఏ బాధా లేదు. రెండోది, ఎంత గోకినా కంటికి కనపడని కణం ఏదో మిగిలి, గడ్డ మళ్లీ మొదలై ఎముకని తింటుంటే వచ్చేది. ఒక్క ఫిల్ము చూసి ఏది ఏదో చెప్పలేరు. పక్కన పాతది పెట్టి, ఈ గీత అప్పుడూ ఇంతే ఉందా, ఇప్పుడు లావైందా అని చూడాలి. మూణ్ణెల్లకోసారి రమ్మన్నది అందుకే నాన్నా. ఈ గడ్డ మళ్లీ వచ్చేదైతే చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుందట. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే మళ్లీ గోకి కీలు నిలబెట్టవచ్చు. ఆలస్యమైతే మోకీలే తీసేసి ఇనుపది పెట్టాలి. అప్పుడు నేను ఆటల టీచర్ని కాను.

పాత ఫిల్ములు లేవని చెప్పాను. "ఎలుకలు కొట్టాయా?" అన్నారు. కాదు సార్, మా నాన్న కృష్ణలో కలిపారు అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టారు. తరువాత "గ్రహణం చూడటానికి ముక్కలు కోసుకున్నవాళ్లని చూశానమ్మా, నదికి ఇచ్చినవాళ్లు మీరే" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఎక్స్‌రేలు తీసిన సెంటరుకి వెళ్లాం. అది చేతులు మారింది. కొత్తవాళ్లు వాళ్ల కంప్యూటరు పెట్టుకున్నారు. పాతవి వాళ్ల దగ్గర లేవు.

పెద్ద స్కానింగూ తీయించాం. తేల్చి చెప్పలేం అన్నట్టు వచ్చింది. ఊపిరితిత్తులకి ఎక్స్‌రే తీశారు, అది బాగుంది. ఈ గడ్డ అరుదుగా అక్కడికి వెళ్తుందట, అందుకని. కాలు ఇప్పుడే మళ్లీ తెరవకుండా, మూడు నెలలు ఆగి ఇంకో ఫిల్ము తీసి ఈ ఫిల్ముతో పోలుద్దామన్నారు. ఈలోపు సలుపు పెరిగితే వెంటనే రమ్మన్నారు.

అంటే ఈ మూడు నెలలు నాకు ఏమీ తెలియదు. ఆ సంచి ఉంటే ఆ రోజే తెలిసేది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నీ మీద చాలా కోపం వచ్చింది. ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాను అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. కోపం పోయిందని చెప్పను. ఉంది. కానీ నువ్వు ఆ రేవులో ఎట్లా నిలబడి ఉంటావో కళ్లకి కట్టింది.

ఉగాదికి రాలేను. ఎక్కువ నడవద్దన్నారు.

నీరజ

రేపల్లె,
6 ఏప్రిల్ 2024

నీరజకి,

చదివాను. అమ్మకి ఇచ్చాను. ఆమె చదివి, మడిచి, దేవుడి పటం వెనక పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

అరుగు మీద కూర్చోవటం లేదు. బుడే సాహెబ్ రెండుసార్లు వచ్చి "ఉత్తరం రాలేదా? పోస్టుమేన్ని నేను చూశానే" అన్నాడు. రాలేదన్నాను. అతనికి కోపం వచ్చింది. నా మీద అలిగి, మిషను గోడవైపు తిప్పుకుని కుడుతున్నాడు.

నేను చేసింది మంచికనే చేశాను తల్లీ. ఆ మాట రాయటానికి కూడా సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఇప్పుడు బాధ పడేది నువ్వు.

నువ్వు రాసింది నాకు అర్థమయ్యేదాకా ఆలోచించాను. మన మరలో కారం ఆడించాక ఎట్లా తుడిచేవాణ్ణి, గుర్తుందా? గుడ్డతో, చీపురుతో, ఊదుతూ, గంట పట్టేది. తుడిచినవాణ్ణి నేనే. అయినా తరువాత బియ్యం ఆడించేటప్పుడు మొదటి గుప్పెడు పిండి నాలిక మీద వేసుకుని చూడకుండా ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. తుడవటం మీద నమ్మకం లేక కాదు. రాయి సందుల్లో ఏముందో కంటికి కనపడదు కనుక. ఆ డాక్టరుగారు చేసేదీ అదే కదా. మరి నా మరకి చేసింది నీ కాలికి ఎందుకొద్దన్నాను? బియ్యప్పిండి ఇంకొకళ్లది. నువ్వు నా కూతురివి. నీ విషయంలో చూడాలంటే భయం. ఆ భయానికే పండగ చేశాను అనిపిస్తోంది ఇప్పుడు.

సలుపు ఎట్లా ఉందో వారానికోసారి రాయి. దాచి రాయకు. నేను తట్టుకుంటాను, తట్టుకోలేకపోతే మీ అమ్మ ఉంది.

జూన్లో తెనాలికి నేనూ వస్తాను. అక్కడ మాటలు నాకు వినపడవు. అయినా వస్తాను.

నాన్న

బాపట్ల,
9 జూన్ 2024

నాన్నా,

ఇరవై ఎనిమిదో తేదీ శుక్రవారం రమ్మన్నారు. నువ్వు ఉదయం రైలుకి తెనాలి వచ్చెయ్యి. మేం ప్లాట్‌ఫారం మీదే ఉంటాం. అమ్మని ఎండలో తీసుకురాకు, నీతో తగువేసుకుంటూ వస్తుంది, ఇద్దరికీ ఓపిక ఉండదు.

సలుపు అంతకుముందులాగే ఉంది. కొన్నాళ్లు ఉండదు. కొన్నాళ్లు ఉంటుంది. ఉన్నరోజు గడ్డే అనిపిస్తుంది, లేనిరోజు నేను పిచ్చిదాన్ననిపిస్తుంది. వేసవి సెలవులన్నీ ఇట్లాగే గడిచాయి. ఇప్పుడు స్కూలు తెరుస్తున్నారు. ఈ ఏడాది గ్రౌండు నాకే ఇస్తారో, ఆఫీసులో కూర్చోమంటారో హెడ్‌మాస్టరుగారు చెప్పటం లేదు. నేనూ అడగటం లేదు. ఇద్దరం శుక్రవారం కోసం చూస్తున్నాం.

నీ మర సంగతి డాక్టరుగారికి ఫోన్లో చెప్పాను. "ఆయన్ని తీసుకురండి, ఒక చెయ్యి కలపాలి" అన్నారు. కృష్ణ సంగతి ఆయన ఇంకా మర్చిపోలేదు, అది కూడా అంటారు, సిద్ధపడి రా.

నా కోపం సంగతి అడగలేదు నువ్వు. అయిపోయింది. ఎప్పుడు అయిపోయిందో నాకే తెలియదు. ఏప్రిల్ ఉత్తరం చదివినరోజు కాదు. మే నెలలో ఒకరోజు సలుపు బాగా ఉంటే, ఎవరికి చెబుదామా అనుకుని కాగితం తీసుకుని "నాన్నా" అని రాశాను. అప్పుడు తెలిసింది.

బుడే సాహెబ్ బాబాయికి నిజం చెప్పెయ్యి. పాపం గోడవైపు తిరిగి కుడితే వెలుతురు ఉండదు.

నీ నీరజ

రేపల్లె,
1 జూలై 2024

నా బంగారు తల్లికి, మీ నాన్న రాస్తున్న ఉత్తరం.

శుక్రవారం నువ్వు బాపట్ల రైలెక్కావు, నేను రేపల్లె రైలెక్కాను. నీతో చెప్పాల్సినవన్నీ ఆ గోలలో మిగిలిపోయాయి. అందుకని రాస్తున్నాను.

ఆ గదిలో డాక్టరుగారు రెండు ఫిల్ములూ వెలుగుపెట్టెకి పక్కపక్కన తగిలించారా, మార్చిది ఒకటి, ఇప్పటిది ఒకటి. నాకు రెండూ ఒకటే అనిపించాయి. స్కేలు పెట్టి కొలిచారు. వంగి చూశారు. ఆయన పెదాలు కదిలాయి. నాకేం వినపడలేదు. శశిధర్ గారు కళ్లు మూసుకున్నారు. నువ్వు తల వంచుకున్నావు. ఆ కాసేపూ నాకు అయిపోయిందనే అనిపించింది తల్లీ.

అప్పుడు నువ్వు నా చెవి దగ్గరికొచ్చి అరిచావు, "అలాగే ఉంది నాన్నా" అని. బయట బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ వినపడింది. తలుపు సందులోంచి ఒక పెద్దావిడ "అయ్యో పాపం" అందని తరువాత నువ్వే చెప్పావు కదా. ఆవిడ తప్పేముంది. ఎవరి ఒంట్లో ఎట్లా ఉందని అడిగినా, అలాగే ఉంది అంటే మనం నిట్టూర్చేవాళ్లమే కదా. నేనూ ఇన్నాళ్లూ నిట్టూర్చాను. గీత పెరగలేదు, వెంట్రుకంత కూడా పెరగలేదు, సలుపు కండ బలహీనతవల్ల కావచ్చు, వ్యాయామం చేస్తే తగ్గుతుంది అని డాక్టరుగారు చెప్పారని నువ్వు చెప్పేదాకా నేనూ ఆ పెద్దావిడలాగే ఉన్నాను.

చెయ్యి కలిపాడమ్మా ఆయన. "ఈసారి కృష్ణకి ఏమిస్తున్నారు?" అన్నాడట, నువ్వు చెవిలో చెప్పావు. ఏమీ ఇవ్వనండి, ఆమెకి ఇచ్చింది చాలు అన్నాను. మళ్లీ అక్టోబరులో రమ్మన్నాడు. ఇంకా పూర్తిగా పోయిందనుకోవద్దు, ఈ రెండేళ్లూ చూస్తూనే ఉండాలి అన్నాడు. ఆ మాట నాకు ఇదివరకు చేదుగా ఉండేది.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మ గుమ్మంలో ఉంది. "ఏమన్నారు?" అంది. అలాగే ఉందన్నారే అన్నాను సంతోషంగా. అక్కడే గడప మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. ఇంత మంచి మాట చెబితే ఏడుస్తావేంటే అంటే వినదు. గీత, సిమెంటు, పోల్చటం అన్నీ చెప్పేసరికి నా గొంతు పోయింది. అంతా విని లేచి, "ఆ పెరగలేదన్న ముక్క ముందు చెప్పి చావొచ్చుగా" అంది. ఏప్రిల్ నుంచి దాచిపెట్టిన తిట్లన్నీ ఆ పూట తిట్టింది. ఎంత హాయిగా ఉందో నీకెట్లా చెప్పను.

బుడే సాహెబ్‌కి నిజం చెప్పాను. ముందు "నాకెందుకు దాచారు, నేను పరాయివాణ్ణా" అని తగాదా పడ్డాడు. తరువాత వీధిలో ఎవరు అడిగినా అతనే చెబుతున్నాడు, "మా నీరజమ్మకి అలాగే ఉందండి" అని గర్వంగా. వాళ్లు మొహం దిగులుగా పెడితే కోప్పడుతున్నాడు.

ఎవరికీ ఏమీ పంచలేదు. కోరిక లేక కాదు.

నువ్వు గ్రౌండుకి వెళ్లు. మొదట ఈలే ఊదు. తరువాత నడువు. ఆ తరువాత సంగతి డాక్టరుగారు చెబుతారు. అక్టోబరులో నేనూ వస్తాను, నన్ను పిలవక్కర్లేదు, తేదీ రాస్తే చాలు.

పొద్దున పూజ దగ్గర కూర్చున్నాను. ఈ వయసొచ్చేదాకా దేవుణ్ణి అది ఇవ్వమనీ ఇది తీసెయ్యమనీ అడుగుతూనే ఉన్నాను. ఇవాళ ఏం అడగాలో తెలియలేదు. చాలాసేపు కూర్చుని, స్వామీ, దేన్నీ కదపకు, ఎక్కడిది అక్కడే ఉండనీ అన్నాను.

మీ నాన్న
రంగనాయకులు